అంగటి మాట - కొనువాని విచక్షణ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసపు పాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము తలుపులు తెరచిన నాడు, దూరమున నున్న బిడ్డతో మాటాడవలెనన్న ఊరివారికి ఎస్.టి.డి. బూతే దిక్కు. అద్దపు గదిలో ఎఱ్ఱని అంకెలు తిరుగుచుండగా, ఒక కన్ను వానిమీద నుంచి, చెప్పదలచిన మాటలలో సగము మ్రింగి వచ్చెడివారు. నేడో, ఆ టెలిఫోనుతో పాటు ఉత్తరము, కెమెరా, రేడియో, బ్యాంకు పాసుపుస్తకము, పిల్లవాని పాఠము అన్నియు ఒక్క అరచేతిలో ఇమిడినవి. భారతదేశమున తొలి చేతిఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన జరిగినది. కలకత్తా నుండి పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాముతో ఆనాడు మాటాడిరి. అప్పుడు ధనికుల చేతి అలంకారమైన ఆ వస్తువు నేడు కూలిపనికి పోవు వాని జేబులోను ఉన్నది.

ఇంతటి అవసరమైన వస్తువును కుటుంబములు ఎట్లు ఎన్నుకొనుచున్నవి? క్రికెట్టు పందెముల నడుమ ప్రకటనలు చూతురు. పక్కింటి కుఱ్ఱవాని నడుగుదురు. ఇవన్నియు జరిగిన పిమ్మట పట్టణమునకు బస్సెక్కి, దుకాణపు మెట్లెక్కి, బల్లకావలి వైపున నిలిచిన యువకునితో పావుగంట మాటాడుదురు. అనేక సందర్భములలో ఆ పావుగంటయే ఫోను బ్రాండును నిర్ణయించుచున్నది. ఆ పావుగంటలో జరుగునదేమి, అందు కొనువాడు ఏ జాగ్రత్త వహింపవలెను అనునదే ఈ ఉపన్యాస విషయము.

సంతలో ఎడ్లజతను కొనబోవు రైతు ఒంటరిగా పోడు. పశువుల గుణ మెరిగిన పెద్ద నొకరిని వెంటబెట్టుకొని పోవును. పళ్ళు చూచును, నడిపించి చూచును, కాడి కట్టించి చూచును. దళారి తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టి బేరము చెప్పుచుండగా, ఆ దళారికి కూలి ఎవరి చేతినుండి ముట్టునో రైతునకు తెలియును. కావుననే అతని మాటను ఎంతవరకు నమ్మదగునో అంతవరకే నమ్మును. అదే రైతు ఫోనుల దుకాణమునకు పోయినపుడు ఈ జాగ్రత్తలన్నియు ఇంటనే విడిచి పోవుచున్నాడు. ఏలన, ఆ వస్తువునకు చూడదగిన పళ్ళు లేవు. ఎదుట మాటాడువాడు దళారియని తోచదు.

ఒక రైతు కథ

ధాన్యపు సొమ్ము చేతికి వచ్చిన వారమున, పాలిటెక్నిక్కులో చేరిన కూతురునకు ఫోను కొనుటకై పట్టణమునకు బయలుదేరిన యొక రైతును తలచుకొనుడు. ఇతనికి పేరు పెట్టనక్కరలేదు; ప్రతి మండలమునందును ఉన్నవాడే. 12,000 రూపాయలు దాటరాదని ఇంటిలో నిశ్చయించుకొనిరి. కూతురు తన స్నేహితురాలి వద్ద చూచిన యొక బ్రాండు పేరు చెప్పినది.

దుకాణములోని యువకుడు నవ్వుచు ఎదురు వచ్చి, మంచినీళ్ళిచ్చి, "ఆ మోడలు కావాలా బాబాయ్? ఉంది గాని, ఇప్పుడు దాన్నెవరూ తీసుకోవటం లేదు. దాని సర్వీసుకి జిల్లా కేంద్రం దాకా పోవాలి. ఇటు చూడండి, ఇంకొంచెం పెడితే చెల్లెమ్మకి నాలుగేళ్ళు ఢోకా ఉండదు" అనెను. రైతు సంకోచించెను. యువకుడు మూడు ఫోనులను బల్లపై వరుసగా పెట్టెను. ఒకటి చౌకది, ఒకటి 18,000 రూపాయలది, ఒకటి 26,000 రూపాయలది. మధ్యదానిని కూతురు చేతిలో నుంచి, ఆమె ఛాయాచిత్రము తీసి చూపెను. "డబ్బుకేముంది బాబాయ్, వడ్డీ లేని వాయిదాలు. రోజుకి యాభై రూపాయలు. టీ ఖర్చు!" అనెను.

లెక్క తెలియుటకై కూర్చిన ఈ అంకెలను గమనింపుడు. 18,000 రూపాయలలో 4,500 రూపాయలు మొదట చెల్లింపవలెను. తక్కిన 13,500 రూపాయలు తొమ్మిది వాయిదాలు, నెలకు 1,500. వాయిదా పత్రములకు రుసుము 700 రూపాయలు. తెర పగిలిన బాగుచేయు బీమా 1,500 రూపాయలు. కవరును అద్దమును కలిసి 600 రూపాయలు. రైతు ఆ పూట ఇచ్చినది 7,300 రూపాయలు మాత్రమే. తెచ్చిన సొమ్ములో 4,700 రూపాయలు మిగిలినవన్న తృప్తితో అతడు బస్సెక్కెను. కాని ఆ ఫోనుకై అతడు మొత్తము చెల్లింపవలసినది 20,800 రూపాయలు. ఇంటిలో అనుకొన్నదానికంటె 8,800 రూపాయలు అధికము. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యను సామెత ఇచట నిజమైనది. రాబోవు తొమ్మిది నెలలలో ఎరువుల కొట్టు బాకీయు, కూతురి పరీక్ష రుసుమును, ఈ వాయిదాయు ఒకే సంచిలోనుండి పోవలెను. ఒక్క నెల వాయిదా తప్పినచో ఇటు బ్యాంకును, అటు అప్పిచ్చిన సంస్థయు జరిమానాలు వేయును. ఆ తప్పు ఋణచరిత్రలో నమోదై, రేపు మరియొక అప్పుకై పోయినపుడు అడ్డు రావచ్చును.

ఇందు ఆ యువకుడు ఆడిన అబద్ధమేది? వెదకినచో గట్టిగా చూపదగినది కానరాదు. సర్వీసు కేంద్రము నిజముగనే దూరము కావచ్చును. 18,000 రూపాయల ఫోను మంచిదే కావచ్చును. అతడు చెప్పినది సత్యమే. కాని సత్యములలో ఏది చెప్పవలెను, ఏది విడువవలెను, ఏది ముందు చూపవలెను అనునది అతడు ఆ రైతు అవసరమును బట్టి నిర్ణయింపలేదు. అది ఆ రైతు మెట్లెక్కుటకు ముందే, మరియొక చోట, మరియొకరిచే నిర్ణయమై యున్నది. గ్రహింపవలసిన ముఖ్యాంశ మిదియే.

బల్ల కావల నిలిచినవా రెవరు?

పెద్ద ఫోనుల దుకాణమున మూడు తెగలవారు పనిచేయుచుందురు. మొదటివారు దుకాణపు సొంత ఉద్యోగులు. రెండవవారు ప్రమోటర్లు. వీరు దుకాణములో నిలిచినను, వీరిని నిలిపినది ఫోను కంపెనీ. తమ కంపెనీ ఫోనులను అమ్ముటయే వీరి పని. మూడవవారు మూలనున్న చిన్న బల్లవద్ద కంప్యూటరుతో కూర్చుండు ఫైనాన్సు సంస్థ ప్రతినిధులు. కొనవచ్చినవానికి ఈ మువ్వురును దుకాణము వారుగనే తోచుదురు. ప్రమోటరు చొక్కాపై కంపెనీ ముద్ర యుండుట కలదు. కాని దానిని చదివి, దాని అర్థము నాలోచించువారు కొలదిమంది.

వీరి జీతము తరచు రెండు భాగములుగ నుండును. ఒకటి నెలజీతము, రెండవది అమ్మకమును బట్టి వచ్చు ప్రోత్సాహకము. ఆ ప్రోత్సాహకము అన్ని ఫోనులకు నొక్కటిగ నుండదు. క్రొత్తగా వచ్చిన మోడలునకు ఒక రేటు, గిడ్డంగిలో కదలక పడియున్న సరుకునకు మరియొక రేటు. నెలకిన్ని అమ్మవలెనను లక్ష్యము వేరుగ నుండును. నెల మొదటి వారమున ఒక ఫోనును పొగడిన యువకుడే నెలాఖరున వేరొక దానిని పొగడుటకు కారణము ఫోనులోని గుణము మారుట కాకపోవచ్చును.

దుకాణపు యజమాని లెక్క వేరు. ఒక కంపెనీ ఫోనుపై అతనికి మిగులు పాలు అధికము, మరియొక దానిపై స్వల్పము. ఎక్కువ మిగులునది ముందు వరుసలో, కంటికి ఎదురుగ నుండును. తక్కువ మిగులునది అడిగిన గాని పెట్టెలోనుండి బయటికి రాదు. ఈ లాభపు పాలు ఎంత బలమైనదో ఇటీవలి యొక సంఘటన వెల్లడించినది. 2024 ఏప్రిలులో దక్షిణ భారత వ్యవస్థీకృత చిల్లర వర్తకుల సంఘము వారు, తమకు లాభపు పాలు చాలుట లేదనియు, వారంటీ పరిష్కారములు ఆలస్యమగుచున్నవనియు ఫిర్యాదు చేసి, మే 1వ తేదీ నుండి వన్‌ప్లస్ ఫోనులను అమ్మబోమని ప్రకటించిరి. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రములతో పాటు ఇతరచోట్ల కలిపి సుమారు 4,500 దుకాణముల మాట అది. అట్టి వివాదమున న్యాయ మెవరి పక్షమున నున్నను, కొనువాడు తెలిసికొనదగిన దొకటి కలదు: దుకాణపు అలమరలో నేది యుండవలెను, ఏది యుండరాదు అనునది అతని అభిరుచి మీద మాత్రమే ఆధారపడి లేదు.

రెండు మార్గముల చరిత్ర

అంగటివాని మాటకు గల శక్తి నెరుగుటకు ఈ దేశమున గడచిన యొక పోటీని తలచుకొనిన చాలును. 2014 జూలైలో చైనాదేశపు షియోమీ కంపెనీ భారతదేశమున ప్రవేశించినది. అది మొదట దుకాణములను విడిచి, ఇంటర్నెట్టు ద్వారానే ఫోనులను విక్రయించినది. నడుమ వర్తకుని పాలు లేకుండుటచే ధర తక్కువగ నుండెను. అమ్మకము తెరచిన కొలది నిమిషములలో సరుకు చెల్లిపోయెడిది.

ఇంచుమించు ఆ కాలముననే వచ్చిన ఒప్పో, వివో కంపెనీలు వేరు దారి పట్టినవి. వర్తకునకు మంచి పాలిచ్చి, చిన్న పట్టణములలోని దుకాణములకు సైతము తమ పేరు గల నామఫలకములు కట్టించి, బల్లవద్ద తమ ప్రమోటర్లను నిలిపినవి. 2016లో వివో ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీలకు తన పేరు పెట్టించుకొనగా, 2017లో ఒప్పో పేరు భారత క్రికెట్టు జట్టు చొక్కాలపై కెక్కినది. పైన ప్రకటన, క్రింద ప్రమోటరు. మొదటిది పేరును చెవిలో వేసినది, రెండవది ఫోనును చేతిలో పెట్టినది.

షియోమీ 2017 నాటికి ఈ దేశపు అమ్మకములలో అగ్రస్థానమునకు చేరినది. కాని ఆ సంవత్సరముననే అదియు బెంగుళూరులో సొంత దుకాణమును తెరచి, చిల్లర వర్తకుల దారి పట్టినది. తక్కువ ధరతో ఇంటర్నెట్టులో అంత పేరు గడించిన సంస్థయు బల్లవద్ద నిలిచి మాటాడు మనిషిని వెదకికొనవలసి వచ్చినది. ఇందలి కారణము స్పష్టము. వేల రూపాయలు పెట్టి కొను వస్తువును కొనువాడు చేతితో తాకి చూడవలెననుకొనును. సందేహము అడిగినపుడు బదులు చెప్పు ముఖ మొకటి కావలెననుకొనును. హైదరాబాదు ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టు సందులు ఫోనుల బేరములతో క్రిక్కిరిసి యుండుటకును కారణమిదియే.

మాట పనిచేయు విధానము

అమ్మకందారు మాట కొనువాని మనసుపై ఎట్లు పనిచేయును? దీనిని గూర్చి ఆర్థిక శాస్త్రజ్ఞులును, మనస్తత్త్వ శాస్త్రజ్ఞులును కొంత చెప్పియున్నారు. అమెరికా దేశస్థుడైన జార్జి అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. అమ్మువానికి వస్తువు గుణదోషములు తెలిసి, కొనువానికి తెలియనపుడు, మంచి సరుకునకును చెడ్డ సరుకునకును భేదము తెలియక బజారే చెడునని అందు నిరూపించెను. ఈ మార్గమున చేసిన కృషికే 2001లో మరి యిద్దరితో కలిసి అతనికి నోబెలు బహుమానము లభించినది. ఫోనుల బజారులో ఈ తెలివి భేదము మిక్కిలి పెద్దది. ఒక మోడలు గూర్చి కొంత తెలిసికొనునంతలో దాని స్థానమున మరియొకటి వచ్చుచున్నది.

సరుకుల సంఖ్య అధికమైనపుడు మనిషి తికమక పడునా? 2000లో ప్రకటింపబడిన యొక ప్రసిద్ధ పరిశోధనలో, అంగడిలో 24 రకముల పండ్లపాకము ఉంచినపుడు ఆగి చూచినవారు అధికులైనను, వారిలో కొనినవారు నూటికి ముగ్గురు. 6 రకములే ఉంచినపుడు కొనినవారు నూటికి ముప్పది మంది. తరువాతి పరిశోధనలలో ఈ ఫలితము అన్ని చోట్లను నిలువలేదు. అయినను గోడనిండ ఫోనులను చూచి దిక్కుతోచక, "మీరే ఒకటి చూపండి" అని అమ్మకందారుకు పగ్గములు అప్పగించు అనుభవము అనేకులకు కలదు. ఆ యొక్క మాటతో ఎంపిక చేతులు మారుచున్నది.

మూడు వస్తువులను వరుసగా పెట్టుటలోను యుక్తి కలదు. మిక్కిలి చౌకదానిని కొనుటకు అభిమానము అడ్డు వచ్చును. మిక్కిలి ప్రియమైనదానిని కొనుటకు సొమ్ము అడ్డు వచ్చును. మనసు మధ్యదానిపై వాలును. ఈ స్వభావమును 1989లో సైమన్‌సన్ అను శాస్త్రజ్ఞుడు పరిశోధించి చూపెను. రైతు ఎదుట 26,000 రూపాయల ఫోనును పెట్టినది దానిని అమ్ముటకు కాదు. 18,000 రూపాయలదానిని చౌకగా కనబరచుటకు.

ఇక అంకెల మాట. "ఎనిమిదికి ఎనిమిది కలిపి పదహారు జీబీ ర్యామ్" అని చెప్పునపుడు, అందు రెండవ ఎనిమిది నిజమైన ర్యామ్ కాదు. నిల్వస్థలము నుండి అరువు తీసికొన్నది. అది నిజమైన దానితో సమానముగ పనిచేయదు. వెనుక మూడు కెమెరాలున్నంత మాత్రమున మూడును పనికివచ్చునవి యని తలపరాదు. మెగాపిక్సెళ్ళు పెరిగిన కొలది చిత్రము మెరుగగునని నియమము లేదు. కాంతిని గ్రహించు సెన్సారు పరిమాణమును, దాని వెనుకనున్న సాఫ్ట్‌వేరును ముఖ్యములు. వెలుగుతో నిండిన దుకాణములో తీసిన చిత్రము ఏ ఫోనులోనైనను అందముగనే యుండును. సాయంసమయమున పశువుల పాక వద్ద తీసి చూచిన గాని దాని గుణము బయటపడదు.

అమ్మకందారు శత్రువా?

ఇంతవరకు చెప్పినదానిని బట్టి దుకాణములోని యువకుని దోషిగ నిలబెట్టుట అన్యాయము. అతడును ఏదో యొక పల్లె నుండి వచ్చినవాడే. ఉదయము నుండి రాత్రి వరకు నిలువుకాళ్ళపై నుండవలెను. నెల లక్ష్యము తీరనిచో ప్రోత్సాహకము పోవును, ఒక్కొక్కచో ఉద్యోగమే పోవును. ఇంగ్లీషు అక్షరములు రాని తల్లికి తెలుగు అక్షరములు తెప్పించి యిచ్చువాడు అతడే. పాత ఫోనులోని మనుమరాలి చిత్రములను క్రొత్త ఫోనులోనికి మార్చి యిచ్చువాడు అతడే. వారము దినముల పిమ్మట "ఫోను మ్రోగుట లేదు నాయనా" అని తిరిగి వచ్చిన ముసలివానికి, శబ్దము తగ్గించియున్నదని చూపి, పైసా తీసికొనక పంపువాడు అతడే. ఇంటర్నెట్టు ఇట్టి సేవ చేయజాలదు. చిన్న పట్టణమున కొన్నవారే మరల వచ్చుదురు గనుక, మాట నిలుపుకొను వర్తకులు అనేకులు కలరు.

ఎరువుల కొట్టు విషయమున ప్రభుత్వము ఈ సత్యమును ఎప్పుడో గుర్తించినది. పురుగు పట్టిన ఆకును తెచ్చి "ఏమి కొట్టవలెను?" అని రైతు అడుగునది పెక్కుసార్లు మందుల దుకాణదారునే. అతడు సలహాదారుడు, విక్రేతయు నగుటచే అతనికే వ్యవసాయ విజ్ఞానము నేర్పవలెనని హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో డిప్లమా శిక్షణ నారంభించినది. తెలిసిన అమ్మకందారు తెలియనివానికంటె మేలు. కాని ఎంత తెలిసినవాడైనను, ఒక వస్తువును అమ్మిన లాభము, వేరొకటి అమ్మిన నష్టము కలిగినంతకాలము, అతని త్రాసు ఒక వైపు మొగ్గుచునే యుండును. ఆ మొగ్గును సరిచేయవలసినది కొనువాని విచక్షణయే.

చట్టము ఇచ్చు అండ

చట్టము కొంత అండ యిచ్చినది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చినది. వస్తువు గుణము, పరిమాణము, ధర మొదలగు వానిని తెలిసికొనుట కొనువాని హక్కు. బిల్లు ఇయ్యకుండుట అన్యాయపు వర్తకమని ఆ చట్టము చెప్పుచున్నది. అన్యాయము జరిగినపుడు జిల్లా వినియోగదారుల కమిషనునకు ఫిర్యాదు చేయవచ్చును. 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. బిల్లు లేనివానికి ఈ ద్వారములు తెరచుకొనుట కష్టము.

"వడ్డీ లేని వాయిదా" యను మాటను గూర్చి రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించినది. సున్న వడ్డీ యనునది నిజమునకు లేనే లేదనియు, ఆ వడ్డీని రుసుముల రూపమున కొనువానిపైననే మోపుటయు కలదనియు దాని భావము. కావున వాయిదా ఎంతయని కాక, అన్నియు కలిపి మొత్తమెంత యని అడుగవలెను. "రోజుకు యాభై" యను మాటకు బదులుగ "తొమ్మిది నెలలకు ఎంత?" అను ప్రశ్న వేయవలెను.

కొనువాడు చేయవలసినది

దుకాణమునకు పోవుటకు ముందు ఇంటిలో నొక కాగితముపై మూడు సంగతులు వ్రాసికొనవలెను. ఫోను ఎవరికి, ఏ పనికి? ఎంతకు మించి పెట్టరాదు? ఏది లేకున్నను సరిపోవును? ఈ మూడవ ప్రశ్న ముఖ్యము. పాఠములు చదువుకొను విద్యార్థినికి బ్యాటరీ నిలకడయు, తగిన నిల్వస్థలమును కావలెను. ఆటలకై చేసిన శీఘ్రగతి ఆమెకు అక్కరలేదు. ఆ కాగితము జేబులో నున్నంతవరకు ఎంపిక ఇంటివారిదే.

దుకాణములో అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. ఈ కంపెనీ సర్వీసు కేంద్రము దగ్గరలో ఎక్కడ నున్నది? దీనికి భద్రతా అప్‌డేట్లు ఎన్ని సంవత్సరములు వచ్చును? అన్నియు కలిపి చేతినుండి పోవు మొత్తమెంత? ఈ ఫోను ఎట్టివారికి పనికిరాదు? రెండవ ప్రశ్న చిన్నది కాదు. కొన్ని కంపెనీలు తమ పెద్ద ఫోనులకు ఏడేండ్లు అప్‌డేట్లు ఇత్తుమని ప్రకటింపగా, కొన్ని చౌక ఫోనులకు రెండు మూడేండ్లతోనే అవి నిలిచిపోవుచున్నవి. ఆ పిదప బ్యాంకు పనులకు ఆ ఫోను క్షేమకరము కాదు. ఇక నాల్గవ ప్రశ్నకు నిజాయితీగల అమ్మకందారు తడుముకొనక బదులు చెప్పును. "అందరికీ పనికొస్తుంది" అన్నవాని మాటను మరియొకసారి తూచవలెను.

పిమ్మట మూడు పనులు. పెట్టె మూత తన ఎదుటనే తీయించుకొనవలెను. ఫోనులో *#06# అని నొక్కినపుడు కనబడు 15 అంకెల ఐ.ఎమ్.ఈ.ఐ. సంఖ్య పెట్టెపైనను బిల్లుపైనను ఉన్నదానితో సరిపోవునేమో చూడవలెను. మనసు నిలువనపుడు కొనకయే ఇంటికి తిరిగి రావలెను. "ఈ ఆఫరు ఈరోజుతో సరి" యను మాట విని తొందరపడరాదు. ఒక్క రాత్రి ఆలోచించుటచే పోవు లాభము కంటె, ఒక్క నిమిషము తొందరచే వచ్చు నష్టము అధికము.

గ్రంథాలయము చేయదగినది

ఈ విషయమును గ్రంథాలయపు పండుగనాడు ముచ్చటించుటకు కారణము లేకపోలేదు. గ్రంథాలయమునందును అలమరలు కలవు, వాని యెదుట తికమక పడు మనిషి కలడు, ఇరువురి నడుమ నిలిచిన వాడొకడు కలడు. రంగనాథన్ పండితుడు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో, ప్రతి పాఠకునకు అతనికి తగిన పుస్తకము అందవలెననునది యొకటి. గ్రంథాలయాధికారి మొదట అడుగునది "నీకేమి కావలెను?" అని. అతడు ఒక పుస్తకమును ముందు పెట్టి మరియొకదానిని వెనుక దాచుటకు కారణము లేదు. ఏ పుస్తకముపైనను అతనికి కమీషను లేదు. ఊరిలో, కోరక యిచ్చు సలహాకు వెల లేని స్థలము ఇదియొక్కటియే యనినను అతిశయోక్తి కాదు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా తలపలేదు. ఊరికి కన్ను తెరపించు చోటుగా తలచిరి. ఆనాడు పల్లెవాని అజ్ఞానము అక్షరము రాకుండుట. నేడు అక్షరము వచ్చినను, అంకెల మాయలో, వాయిదాల లెక్కలో అజ్ఞానము వేరు వేషమున నిలిచియున్నది.

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయము వారు ఒక చిన్న పని చేయదగును. వార్తాపత్రికల బల్లవద్ద ఒక దళసరి నోటుపుస్తకము నుంచవలెను. ఊరిలో ఫోను కొన్నవారు అందు తమ ఫోను బ్రాండు, మోడలు, అన్నియు కలిపి చెల్లించిన మొత్తము వ్రాయవలెను. సంవత్సరము గడచిన పిమ్మట మరల వచ్చి, బ్యాటరీ ఎట్లున్నది, చెడినపుడు సర్వీసు కేంద్రము వారు ఎన్ని దినములలో బాగుచేసిరి, మరల కొనవలసివచ్చిన అదే కొందురా అనునవి చేర్చవలెను. వ్రాయరానివారి కొరకు చదువుకొను పిల్లలు వ్రాసిపెట్టవలెను. రెండు మూడేండ్లలో ఆ పుస్తకము ఈ గ్రామమునకు ఏ ప్రకటనయు నీయలేని విజ్ఞానము నిచ్చును. ఏలన, అందు మాటాడువారు ఏ కంపెనీ జీతగాండ్రును కారు. తమ సొమ్ముతో కొని, తమ చేతితో వాడినవారు.

అప్పుడు కూతురునకు ఫోను కొనబోవు రైతు పట్టణపు బస్సెక్కుటకు ముందు ఇచటికి వచ్చి పావుగంట కూర్చుండును. పశువుల సంతకు పెద్దను వెంటబెట్టుకొని పోయినట్లే, ఊరివారి అనుభవమును వెంటబెట్టుకొని దుకాణపు మెట్లెక్కును. యువకుడు అప్పుడును నవ్వుచు ఎదురు వచ్చును, మంచినీళ్ళిచ్చును, మూడు ఫోనులను వరుసగా పెట్టును. రైతు జేబులోని కాగితము తీసి, తన నాలుగు ప్రశ్నలు వేసి, తగినది దొరికిన కొనును. లేకున్న లేచి వచ్చును. ఆ లేచి రాగల ధైర్యమే విచక్షణ. దానిని ఊరివారికి కలిగింపగలిగిన నాడు ఈ గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల సేవ మరింత సార్థకమగును.